గురి కుదరకముందే బాణం పోతోందా? టార్గెట్ పానిక్ వదిలించుకునే సాధన

విల్లు ఎత్తి లాగారు. తాడు గడ్డానికి ఆనింది. సైట్ పిన్ (విల్లుకు బిగించిన గురి గుర్తు) కింది నుంచి పైకి వస్తూ ఎరుపు వలయం దగ్గర ఆగిపోయింది, ఎంత ప్రయత్నించినా టార్గెట్ నడిమి పసుపులోకి రాదు. లేదా పసుపు అంచు తగిలీ తగలకముందే వేళ్లు వాటంతటవే విడిపోయాయి. లేదా పిన్ నడిమధ్యలో చక్కగా నిలిచింది గానీ వేళ్లు విడవవు, భుజం వణికిపోతోంది. లేదా వదిలే క్షణంలో విల్లు పట్టిన చెయ్యి ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. చూడటానికి నాలుగూ వేరువేరు, జబ్బు మాత్రం ఒకటే. దీన్నే టార్గెట్ పానిక్ అంటారు. నిన్నగాక మొన్న విల్లు పట్టినవాళ్లకు ఇది పెద్దగా రాదు. కొన్నేళ్లు వేసి, స్కోరు మీద ఆశ పుట్టినవాళ్లనే ఎక్కువగా పట్టుకుంటుంది.

పాతపట్నం దాటి ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ దాకా ఉన్న తెలుగు పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాం. ఆర్చర్ ధీరజ్ బొమ్మదేవరను చూసి రికర్వ్ (కొసలు ముందుకు వంగిన విల్లు) పట్టినవాళ్లు, జ్యోతి సురేఖను చూసి కాంపౌండ్ (కొసల్లో చక్రాలుండే విల్లు) కావాలన్నవాళ్లు, కొండ ఊళ్లలో ముందు నుంచీ ఉన్న వెదురు విల్లుతోనే ఆ విల్లు పోటీ అయిన ఇండియన్ రౌండ్‌కు వెళ్లేవాళ్లు, అందరికీ వైద్యం మూలంలో ఒకటే. రోజూ పక్కన నిలబడి చూసే కోచ్ లేకపోయినా చేసుకోవచ్చు. కావలసింది ఒక గడ్డి దిమ్మె, ఒక తోడు మనిషి, రెండు మూడు నెలల ఓపిక. ఓపిక విషయంలోనే చాలామంది ఓడిపోతారు.

ముందు ఇది అదేనా అని తేల్చుకోండి

గురి కుదరకపోతే ప్రతిదాన్నీ టార్గెట్ పానిక్ అనడం ఇప్పుడు అలవాటైపోయింది. మూడు పరీక్షలు చేస్తే విషయం తేలిపోతుంది.

మొదటిది బరువు పరీక్ష. దిమ్మెకు 3 మీటర్ల దూరంలో నిలబడి, బాణం ఎక్కించి, పూర్తిగా లాగి, వదలకుండా పట్టుకోండి. రికర్వ్ అయితే 10 సెకన్లు పట్టుకోగలగాలి. ఆరేడు సెకన్లకే భుజం లేచిపోతుంటే, తల వెనక్కి వాలుతుంటే మీ విల్లు మీకు బరువు ఎక్కువ. విల్లు బరువంటే దాన్ని లాగడానికి కావలసిన బలం, పౌండ్లలో కొలుస్తారు. ముందు ఆ పౌండ్లు తగ్గించండి, చాలామందికి అక్కడే తేడా తెలుస్తుంది. వెదురు విల్లుకు మాత్రం ఈ పరీక్ష పెట్టకండి, కారణం కింద చెబుతాం.

రెండోది ఖాళీ దిమ్మె పరీక్ష. అదే 3 మీటర్ల దగ్గర, కాగితం ఏమీ అంటించని దిమ్మెలోకి పది బాణాలు వేయండి. పదీ తీరుగా, నిదానంగా వెళ్లి, కాగితం పెట్టగానే చెయ్యి మారిపోతే అది టార్గెట్ పానిక్. ఖాళీ దిమ్మె మీద కూడా అదే తడబాటు ఉంటే ఒంటి తీరులో లోపం ఉందన్నమాట, లేదా జబ్బు బాగా ముదిరిందన్నమాట.

మూడోది అన్నిటికంటే గట్టిది. మీరు మామూలుగా వేసే దూరంలో నిలబడి, 'ఈ బాణం వెయ్యను, గురి చూసి దించేస్తాను' అని ముందే పైకి చెప్పి లాగండి. పిన్ పసుపులోకి ఎలా వస్తోందో చూడండి. తర్వాత 'ఇది వేస్తాను' అనుకుని లాగండి. వెయ్యనన్నప్పుడు పిన్ హాయిగా వచ్చి కూర్చుని, వేస్తానన్నప్పుడు కిందే ఆగిపోతే ఇక అనుమానం అక్కర్లేదు. కండరంలో బలం ఉంది, కంటిలో చూపు ఉంది, అడ్డం పడుతున్నది వేయాలన్న ఆలోచన.

ఒక జాగ్రత్త. విల్లు పట్టినప్పుడే కాకుండా పెన్ను పట్టి రాసేటప్పుడు, గ్లాసు ఎత్తేటప్పుడు కూడా చెయ్యి వణుకుతుంటే, వేళ్లు వంకర్లు పోతుంటే ఈ సాధనతో కాలం గడపకుండా నరాల డాక్టరును కలవండి. ఆ డాక్టరు ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్ మందు రాస్తే, మీరు పోటీలకు వెళ్లే మనిషినని అప్పుడే చెప్పాలి. విలువిద్యలో బీటా బ్లాకర్లు పోటీ రోజునే కాదు, పోటీ లేని రోజుల్లో కూడా నిషేధం. గుండె దడ తగ్గుతుందని ఎవరో ఇచ్చిన బిళ్ల మింగి డోపింగ్‌లో దొరికితే బాధ్యత మింగినవాళ్లదే.

లోపల ఏం జరుగుతోంది

బాణం వేయడంలో రెండు పనులున్నాయి. ఒకటి చూడటం, రెండోది వెనక్కి లాగుతూ పోవడం. ఆరోగ్యంగా వేసేవాళ్లలో కన్ను చూస్తూ ఉంటుంది, వీపు లాగుతూ ఉంటుంది, తాడు ఎప్పుడు విడిపోతుందో ముందుగా కచ్చితంగా తెలియదు. వందల సార్లు 'పిన్ మధ్యకు రాగానే వదులు' అని వేస్తే ఆ రెండు పనులూ అతుక్కుపోతాయి. పసుపు కనబడటమే వదలమన్న ఆజ్ఞ అవుతుంది. అప్పుడు పిన్ పసుపు వైపు పోతుండగానే వేళ్లు విడిపోతాయి.

కింద ఆగిపోయే రకం దీనికి రెండో ముఖం. పసుపు తగిలితే తాడు పేలుతుందని మెదడుకు తెలిసిపోయింది, అందుకే పిన్‌ను అక్కడికి పోనివ్వదు. మీరు చేతిని బలవంతంగా పైకి తోస్తారు, పిన్ పసుపు మీదుగా దూసుకుపోతున్న క్షణంలో వదిలేస్తారు. అలా వేసిన నాలుగింటిలో ఒకటి పదిలో పడితే ఆ దురలవాటుకు బహుమతి ఇచ్చినట్టే.

కాబట్టి ధైర్యం చెప్పడం వల్ల ఇది పోదు. 'భయపడకు' అనడం వల్ల అసలే పోదు. మరీ చెడ్డపని వెనక నిలబడి 'వదులు, వదులు' అని అరవడం. అలా అరిచినకొద్దీ పిల్లవాడికి పసుపుతో పాటు ఆ గొంతు కూడా ఆజ్ఞగా మారుతుంది. అతుక్కుపోయిన రెండు పనుల్ని విడదీసి, విడివిడిగా నేర్పి, మళ్లీ మెల్లగా కలపాలి. కింద చెప్పే సాధనంతా ఆ విడదీతే.

చోటు, సామాను

గడ్డి దిమ్మె 3 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు, కనీసం అడుగున్నర మందం ఉండాలి. వరిగడ్డిని పొరలు పొరలుగా పరిచి, తొక్కి, కొబ్బరితాడుతో నాలుగు వైపులా బిగించి కట్టండి. వదులుగా కడితే వారానికే మధ్యలో గుంట పడి బాణం ఆవలకు పోతుంది. సంక్రాంతి నాటికి గడ్డి కొత్తగా దొరుకుతుంది, అప్పుడే రెండు దిమ్మెలకు సరిపడా తీసి పెట్టుకోండి. నేల మీద నేరుగా పెడితే చెదలు పడతాయి, ఇటుకలు ఎత్తుగా పేర్చి పలకేసి నిలబెట్టండి. గడ్డి దొరకని నెలల్లో గోనె సంచిలో పాత గుడ్డలు, పాలిథీన్ సంచులు కూరినా పనిచేస్తుంది. గుండీలు, జిప్పులు, హుక్కులు ముందే కోసేయాలి, లోహం తగిలితే బాణం మొన పాడవుతుంది, ఒక్కోసారి వెనక్కి కొడుతుంది.

దిమ్మె మధ్యభాగం మీ భుజం ఎత్తులో ఉండాలి, బాణం నేలకు సమాంతరంగా పోవాలి. దూరం 2 నుంచి 3 మీటర్లు. వెనక గోడ గానీ మట్టి గట్టు గానీ లేకుండా ఎక్కడా పెట్టకండి. ఊళ్లో మేకలూ పిల్లలూ చెప్పి రారు. ఒక బాణం వేశాక రెండోది పక్కకు జరిగి వేయండి. ఇంత దగ్గరలో ఒకేచోట వేస్తే బాణాల వెనక కొసలు, అంటే నాక్‌లు పగులుతాయి, గొట్టాలు చీలుతాయి.

విల్లు బరువు పదో వంతు నుంచి ఐదో వంతు దాకా తగ్గించండి. 38 పౌండ్లు లాగే రికర్వ్ అయితే 32 దగ్గరకు రావాలి. లింబ్ (విల్లులో వంగే పై, కింది భాగాలు) బోల్టులతో అంత తగ్గదు, ఎవరి దగ్గరైనా తేలిక లింబ్‌లు అడిగి తెచ్చుకోండి. కాంపౌండ్‌లో బోల్టును ఒక చుట్టు విప్పితే సుమారు రెండు పౌండ్లు తగ్గుతుంది. పైనా కిందా సమానంగా విప్పాలి, తయారీదారు చెప్పిన చుట్ల కంటే ఒక్క చుట్టు కూడా ఎక్కువ విప్పకూడదు. బరువు మారితే బాణం స్పైన్ (బాణం గొట్టం బిగువు) సరిపోదు కదా అంటారు. నిజమే, కానీ 3 మీటర్ల దగ్గర ఆ సంగతి పట్టించుకోనక్కర్లేదు.

ఇంకొకటి: స్కోరు పుస్తకం ఇంట్లో ఎవరికైనా ఇచ్చి దాచమనండి. ఈ రెండు మూడు నెలలూ ఒక్క బాణానికి కూడా లెక్క రాయకూడదు. ఆరు రోజులు చక్కగా సాధన చేసి ఆదివారం స్నేహితులతో పందెం వేస్తే, ఆ ఒక్క పూట వారం పనిని మింగేస్తుంది.

మొదటి మెట్టు: ఖాళీ దిమ్మె

ఇక్కడ కనీసం రెండు వారాలు, చాలామందికి మూడు. రోజుకు 40 నుంచి 60 బాణాలు, మూడేసి చొప్పున. కాగితం లేదు, చుక్క లేదు. సైట్ తీసేయండి.

దిమ్మెకు ఎదురుగా నిలబడి, బాణం దిమ్మె నడుమకు పోతుందని కళ్లతో సరిచూసుకుని లాగండి. తాడు గడ్డానికి ఆనాక, బాణం దిమ్మె వైపే ఉందని మరోసారి చూసి, అప్పుడు కళ్లు మూసుకోండి. ఇక చేతి సంగతి మరచి వీపు మీద ధ్యాస పెట్టండి. లాగే వైపు మోచెయ్యి మెల్లగా వెనక్కి తిరుగుతూ ఉండాలి, వీపు పలక వెన్నెముక వైపు జరుగుతూ ఉండాలి. ఆ కదలిక ఆగకుండానే వేళ్లు మెత్తబడాలి. తాడు పోయాక చెయ్యి మెడ పక్క నుంచి వెనక్కి జారాలి. చెయ్యి ముందుకు వచ్చినా, పక్కకు ఎగిరినా వదలడం వేళ్లతో జరిగిందని అర్థం. కళ్లు మూసి వేసేటప్పుడు తోడు మనిషి మీ వెనకే, పక్కగా నిలబడి ఉండాలి. ఒంటరిగా ఉన్న రోజు కళ్లు తెరిచే వేయండి, దిమ్మె మీద ఏదో ఒక చోటును తదేకంగా చూడకుండా ఉంటే చాలు.

ప్రతి పనికీ ఒక మాట పెట్టుకోవాలి. నిలు. ఎత్తు. లాగు. ఆన్చు. వెనక్కి, వెనక్కి, వెనక్కి. చివరి మాట తాడు పోయేదాకా మనసులో సాగుతూనే ఉండాలి. మనసుకు ఒక మాట పని ఇస్తే 'ఇప్పుడు వదలాలా' అనే ప్రశ్న వేసే తీరిక దానికి ఉండదు. మాటలు మీకు నచ్చినవే పెట్టుకోండి, అయితే మీ ఇంటి భాషలో ఉండాలి. ఇక్కడి పిల్లలు బడిలో ఒడియాలో చదివి, ఇంట్లో తెలుగో సవరో మాట్లాడతారు. ఒత్తిడిలో నోటికి ఏ భాష ముందు వస్తుందో అదే పనికొస్తుంది, ఇంగ్లీషు వీడియోలో విన్న మాటలు పోటీ రోజున గుర్తుకు రావు.

ఖాళీ దిమ్మె దగ్గర చాలామంది చేసే తప్పు గబగబా అరవై బాణాలు గుచ్చేసి 'అయింది' అనుకోవడం. మాట వరస పూర్తికాని బాణం సాధన కిందకు రాదు, దురలవాటు కిందకే వస్తుంది. ముప్పై బాణాలు నిండు ధ్యాసతో వేయగలిగితే ఆ రోజుకు ముప్పై చాలు.

వర్షాకాలం ఈ మెట్టుకు బాగా కలిసొస్తుంది. శ్రావణ భాద్రపదాల్లో ఇక్కడ మైదానం ఎలాగూ చిత్తడే, వరండాలో 3 మీటర్ల జాగా ఉంటే పని జరిగిపోతుంది. ఎండాకాలం మొదలుపెడితే ఉదయం 6 నుంచి 9 లోపు ముగించండి. చెమటకు వేళ్లను కాపాడే ఫింగర్ ట్యాబ్ తోలు తడిసి తాడు అంటుకుంటుంది, వేళ్లు సరిగా విడవవు, దాన్ని మీరు జబ్బు ఖాతాలో రాసుకుంటారు. రెండు ట్యాబ్‌లు పెట్టుకుని మార్చి మార్చి వాడండి.

దించడం అనే మందు

లాగిన బాణాన్ని వేయకుండా తిరిగి దించడం మన దగ్గర పిరికితనంలా చూస్తారు. టార్గెట్ పానిక్‌కు ఇంతకంటే మంచి మందు లేదు. లాగిన ప్రతిదాన్నీ వేసేస్తే, లాగడం అంటేనే వదలడం అని ఒంటికి అర్థమైపోతుంది. దించడం అలవాటైతే లాగాక కూడా మన చేతిలో నిర్ణయం మిగిలి ఉందని తెలుస్తుంది.

నియమం రెండు ముక్కలు. మూడు బాణాల్లో ఒకటి తప్పనిసరిగా దించాలి, అది ఏదో లాగకముందే తోడు మనిషి చెప్పాలి. మిగతా రెండిట్లో మాట వరస ఎక్కడ తెగినా ఆ బాణం కూడా దించాలి, రెండో ఆలోచన లేదు.

దించేటప్పుడు బాణం మొన చివరిదాకా దిమ్మె వైపే ఉండాలి. రికర్వ్‌లో వేళ్ల పట్టు గట్టిగా ఉంచి, లాగిన చేతిని తాడుతో పాటు మెల్లగా ముందుకు పోనివ్వండి. కాంపౌండ్‌లో తాడు వదిలే పరికరం ట్రిగ్గర్ మీది వేలు పూర్తిగా తీసి వెనక్కి పెట్టాకే దించాలి, విల్లు కొసనున్న చక్రం, అంటే క్యామ్, గుంట దాటగానే విల్లు ఒక్కసారి ముందుకు గుంజుతుంది, దానికి సిద్ధంగా ఉండండి. ఏ విల్లునైనా బాణం లేకుండా లాగి వదలడం మాత్రం ఎప్పుడూ వద్దు, లింబ్ పగిలి ముఖాన కొడుతుంది.

రెండో మెట్టు: చూస్తారు, వేయరు

ఇప్పుడు సైట్ పెట్టండి, కాగితం పెట్టండి. దూరం 10 మీటర్లు, కాగితం 122 సెంటీమీటర్ల పెద్దది. లాగండి, ఆన్చండి, పిన్‌ను పసుపు నడుమకు తెచ్చి ఐదారు సెకన్లు ఉంచండి, దించండి. రోజుకు 20 నుంచి 30 సార్లు, వారం రోజులు. ఈ వారంలో కాగితం మీద ఒక్క బాణం కూడా పడకూడదు. వేయాలనిపిస్తే 3 మీటర్ల ఖాళీ దిమ్మె దగ్గరకు నడిచి అక్కడ వేయండి.

మొదటి రెండు రోజులు పిన్ మళ్లీ కిందే ఆగవచ్చు. తోయకండి. ఆగిన చోటే రెండు సెకన్లు ఉంచి దించండి, తర్వాతిసారి కొంచెం పైన. మూడు నాలుగు రోజులకు పసుపులో ఉండటం ప్రమాదం కాదని మెదడు ఒప్పుకుంటుంది.

పిన్ కదులుతూనే ఉంటుంది. బతికున్న మనిషి చేతిలో ఏ పిన్నూ రాయిలా నిలవదు. పసుపంతా తిరిగినా ఫరవాలేదు, ఆ తిరుగుడును కళ్లతో చూస్తూ ఊరుకోవడమే ఈ మెట్టులో నేర్చుకునేది. ఆపాలని చూస్తే ముంజెయ్యి బిగుసుకుని కదలిక ఇంకా పెరుగుతుంది. నడుమ చుక్క ఉన్న సైట్ వాడేవాళ్లు కొన్నాళ్లు ఖాళీ రింగ్‌కు మారితే మంచిది. చుక్కను చుక్క మీద పెట్టాలనే పిచ్చి తగ్గుతుంది.

దూరం, కాగితం మెల్లగా కలపడం

ఇక్కడే ఎక్కువమంది చెడిపోయేది. మూడు వారాల్లో బాగుందనిపించి నేరుగా 50 మీటర్లకో 70 మీటర్లకో పోతారు, రెండో రోజుకే పాతది తిరిగొస్తుంది, 'ఈ పద్ధతి పనిచేయదు' అంటారు.

వరస ఇలా ఉండాలి. 5 మీటర్ల దగ్గర టార్గెట్ కాగితాన్ని తిరగేసి తెల్ల వైపు వేయండి. తర్వాత ఆ తెల్లటి దాని మీద 20 సెంటీమీటర్ల పసుపు కాగితం గుండ్రంగా కోసి అంటించండి. అది కుదిరాక 10 సెంటీమీటర్లది. అప్పుడు అదే చిన్న కాగితంతో 10 మీటర్లు, 18 మీటర్లు. ఆ తర్వాత అసలు వలయాలున్న కాగితంతో 30, ఆపైన మీ పోటీ దూరం.

ఏ దూరంలో ఎంత కాగితం పోటీకి సమానమో లెక్క తెలిస్తే తొందర తగ్గుతుంది. రికర్వ్‌కు 70 మీటర్ల దగ్గర 122 సెంటీమీటర్ల కాగితంలో పసుపంతా కలిపి 24.4 సెంటీమీటర్లు. 18 మీటర్ల దగ్గర కంటికి అంతే కనబడాలంటే 6.3 సెంటీమీటర్ల వృత్తం కావాలి. కాంపౌండ్‌కు 50 మీటర్ల దగ్గర 80 సెంటీమీటర్ల కాగితంలో పసుపు 16 సెంటీమీటర్లు, 18 మీటర్ల దగ్గర అది 5.8 అవుతుంది. కాబట్టి పోటీ దూరంలో కనిపించే గురిని చిన్న స్థలంలోనే, పెరట్లోనే తయారు చేసుకోవచ్చు. 18 మీటర్ల దగ్గర ఆ చిన్న వృత్తం మీద నిదానంగా వేయగలిగేదాకా పెద్ద దూరానికి పోవద్దు.

ముందుకు కదలడానికి కొలత స్కోరు కాదు. 30 బాణాల్లో వరస తెగి పోయినవి రెండుకు మించకూడదు, అలా వరసగా రెండు రోజులు జరగాలి. ఎక్కడ పడ్డాయన్నది తోడు మనిషి చూడనక్కర్లేదు, మీ మోచెయ్యి ఆగిందా లేదా అన్నది చూస్తే చాలు. మూడు బాణాలు తడబడితే ఆ పూటే ఒక మెట్టు వెనక్కి రండి. రేపు చూద్దాం అనుకుంటే రేపటికి అవి ముప్పై అవుతాయి.

క్లిక్కర్ ఉన్నవాళ్లకు

క్లిక్కర్ అంటే బాణాన్ని సరిపడా లాగగానే టక్కున మోగే చిన్న రేకు. అది మోగకముందే వదిలేయడం, మోగగానే ఉలిక్కిపడటం, చివరి రెండు మిల్లీమీటర్లు ఎంత లాగినా రాకపోవడం, మూడూ రికర్వ్ వాళ్ల బాధలే. మొదటి మెట్టులో క్లిక్కర్‌ను పక్కకు తిప్పేయండి. రెండో మెట్టు అయ్యాక ఖాళీ దిమ్మె దగ్గరే తిరిగి పెట్టండి. అక్కడ సాధన తిరగేసి చేయాలి: క్లిక్ మోగుతుంది, మీరు వదలరు. మోగాక రెండు సెకన్లు లాగుతూనే ఉండి దించుతారు. రోజుకు 20 సార్లు. వారం తర్వాత తోడు మనిషి ముందే ఒక్కో బాణానికి 'వెయ్యి' అనో 'దించు' అనో చెప్పాలి. క్లిక్ ఇక ఆజ్ఞ కాదు, అనుమతి మాత్రమే అవుతుంది.

క్లిక్కర్ చోటు కూడా చూసుకోవాలి. ఎదిగే పిల్లలకు లాగే పొడవు పెరుగుతుంది. అప్పుడు గడ్డానికి ఆనకముందే క్లిక్ మోగి, పిల్లవాడు సగం లాగి వదలడం నేర్చుకుంటాడు. రెండు మూడు నెలలకోసారి క్లిక్కర్ జరపాలి, అవసరమైతే పొడవు బాణాలు తీసుకోవాలి. ఇది జబ్బు కాదు, కొలత తప్పు. కానీ ఏడాది వదిలేస్తే జబ్బుగానే మారుతుంది.

కాంపౌండ్ ట్రిగ్గర్

తాడును పట్టి వదిలే పరికరం రిలీజ్. మణికట్టుకు కట్టుకునే ట్రిగ్గర్ రిలీజ్‌లో జబ్బు తొందరగా కనబడుతుంది. వేలి కొసతో టక్కున గుద్దడం దాని రూపం. ట్రిగ్గర్‌ను మరీ తేలిగ్గా పెట్టుకోవడం దీనికి ఆజ్యం పోస్తుంది. బిగువు పెంచండి, వేలి కొస కాకుండా రెండో కణుపు ట్రిగ్గర్‌ను చుట్టుకునేలా పట్టీ సర్దండి. వేలిని కొక్కెంలా ఉంచి మోచేతిని వెనక్కి తీసుకుంటే ట్రిగ్గర్ దానంతటదే పడాలి.

ట్రిగ్గర్ లేకుండా తిప్పితే తెరుచుకునే హింజ్ రిలీజ్, లాగే బలానికి తెరుచుకునే టెన్షన్ రిలీజ్ ఈ జబ్బుకు బాగా పనికొస్తాయి. టెన్షన్ రిలీజ్ బిగువు, మీరు పూర్తిగా లాగి పట్టుకున్నప్పుడు చేతి మీద ఉండే బరువు కంటే 3 నుంచి 4 పౌండ్లు ఎక్కువ ఉంటే సరిపోతుంది. 50 పౌండ్ల విల్లు, 75 శాతం లెట్ ఆఫ్ (పూర్తిగా లాగాక తగ్గే బరువు) అయితే చేతి మీద 12.5 పౌండ్లు ఉంటుంది, రిలీజ్ 16 దగ్గర పెట్టండి. ఏ కొత్త రిలీజ్‌నైనా ముందు తాడుతో నేర్చుకోవాలి. 3 మిల్లీమీటర్ల నైలాన్ తాడును మీరు లాగే పొడవుకు సరిపడా ఉచ్చులా ముడేసి, ఒక కొస విల్లు చేతిలో, రెండో కొస రిలీజ్‌లో పెట్టి లాగండి. కనీసం వంద సార్లు అలా చేశాకే విల్లు. హింజ్‌ను నేరుగా విల్లుకు తగిలించి లాగితే మధ్యలోనే తెరుచుకుని పిడికిలి మీ పళ్లకే తగులుతుంది.

అయితే వేలకు వేలు పోసి రిలీజ్ మారిస్తే జబ్బు పోతుందనుకోవడం పొరపాటు. కొత్తదానితో కొన్నాళ్లు అద్భుతంగా ఉంటుంది, తర్వాత మణికట్టు తిప్పి దాన్ని కూడా గుద్దడం నేర్చుకుంటారు. ఖాళీ దిమ్మె సాధనతో కలిస్తేనే దానికి విలువ.

వెదురు విల్లు

ఇండియన్ రౌండ్‌లో 30, 50 మీటర్లకు సైట్ లేకుండా వేసేవాళ్లలో జబ్బు రూపం ఒకటే: చెయ్యి దవడ దాకా రాకముందే బాణం పోతుంది. రోజురోజుకూ లాగే పొడవు తగ్గి బాణాలు కింద పడుతుంటాయి, వాళ్లు విల్లు మెత్తబడిందనుకుంటారు. ఒక బాణం మీద, పూర్తిగా లాగినప్పుడు విల్లు కడుపు (మీ వైపున్న పక్క) దగ్గరకు వచ్చే చోట రంగు దారం చుట్టండి. ఆ దారం విల్లు దాకా వచ్చిందా లేదా అన్నది పక్కన నిలబడ్డవాళ్లు చెప్పగలరు.

కష్టమేమిటంటే, పూర్తిగా లాగిన వెదురు విల్లును ఎక్కువసేపు పట్టుకుంటే విల్లు వంగిపోయి బలం తగ్గుతుంది. అందుకే పట్టుకుని దించే సాధనకు ఆ విల్లును వాడకూడదు. పాత సైకిల్ ట్యూబును లాగే పొడవుకు సరిపడా కోసి, రెండు చివర్లూ కలిపి ముడేయండి. ఒక చేత్తో విల్లులా పట్టి, రెండో చేత్తో దవడకు ఆన్చి, ఐదు సెకన్లు ఆపి దించండి. ముప్పై సార్లు పొద్దున, ముప్పై సార్లు సాయంత్రం. పగుళ్లున్న ట్యూబు తెగి కంటికి కొడుతుంది, వాడేముందు లాగి చూసుకోండి. విల్లుతో వేసేటప్పుడు రెండు గుర్తులు తగలాలి: చూపుడు వేలు నోటి మూలకు, తాడు ముక్కు కొసకు. రెండూ తగిలాక 'ఒకటి, రెండు' అని లెక్కపెట్టి, లాగుతూనే వదలండి. అంతకంటే ఎక్కువసేపు వెదురుకు అక్కర్లేదు.

మళ్లీ పోటీకి

పోటీ దూరంలో రెండు వారాలు తడబాటు లేకుండా వేశాక ఒత్తిడిని కొంచెం కొంచెంగా కలపండి. ముందు ఒక మనిషి చూస్తుండగా, తర్వాత నలుగురు చూస్తుండగా, ఆ తర్వాత ఫోన్‌లో టైమర్ పెట్టి. వ్యక్తిగత మ్యాచ్‌లో ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు వేసేటప్పుడు బాణానికి 20 సెకన్లే ఉంటాయి. 10 సెకన్లు మిగిలి ఉండగా దించితే మళ్లీ ఎత్తి వేయడానికి సమయం సరిపోతుంది, అంతకంటే తక్కువ మిగిలితే కష్టం. ఈ లెక్క ఇంటి దగ్గరే పదే పదే ఆడి చూసుకోవాలి. దించి, మళ్లీ ఎత్తి, వరస తెగకుండా వేయగలిగినవాళ్లే పోటీకి సిద్ధమైనట్టు.

మామూలు బరువు లింబ్‌లకు తిరిగి వెళ్లేటప్పుడు రెండేసి పౌండ్లు పెంచండి, ప్రతి పెంపుకూ మొదటి మూడు రోజులు ఖాళీ దిమ్మె దగ్గరే గడపండి. ప్రతి రోజూ మొదటి 12 బాణాలు కాగితం లేని దిమ్మెలోకి వేయడం మానకండి, పతకం వచ్చినా మానకండి. పోటీ మధ్యలో పాతది తిరిగొచ్చిందనిపిస్తే ఆ రోజు పదుల ఆశ వదిలి, పిన్‌ను పసుపంతా తిరగనిచ్చి, 'వెనక్కి' మాట మీదే మిగతా బాణాలు పూర్తి చేయండి. ఇంటికి వచ్చాక ఐదు మీటర్ల తెల్ల కాగితం దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి, రెండోసారి అంత కాలం పట్టదు.